బండెక్కే ముందు ఒక్కమాట

'అమ్మంటే త్యాగమూర్తి' అనేసి చేతులు దులుపుకోవడం మనవాళ్ళకి బాగా అలవాటు. సినిమాల్లో అదే మాట, సన్మాన సభల్లో అదే మాట, ఇప్పుడు మదర్స్ డే నాడు సెల్‌ఫోన్‌లో వచ్చే పూలబొమ్మల మీదా అదే మాట. కొర్రమేను పులుసు పెట్టిన రోజున నడిమి ముక్కలన్నీ అందరికీ వడ్డించేసి, చివరికి గిన్నెలో మిగిలిన తోకముక్క మన కంచంలో వేసుకుంటాం చూడండి, ఆ తోకముక్కకి పెట్టిన పెద్ద పేరే త్యాగం! వినీ వినీ మనకీ అలవాటైపోయింది. ఎవరైనా అలా అంటే నవ్వి ఊరుకుంటాం.

ఈమధ్య మాత్రం ఆ మాట దగ్గర నేను కాస్త ఆగి ఆలోచించాల్సి వచ్చింది. దానికి కారణం మా అమ్మాయి చదివే ఇంగ్లీషు నవలలు. పిల్ల ఇంటర్ చదువుతోంది. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్ల నుంచి సగం ధరకి కొనుక్కొచ్చుకుని, ఫిజిక్సు పుస్తకం చాటున పెట్టుకుని మరీ చదువుతుంది. అసలు అంతగా అందులో ఏముందా అని నేనూ మొదలుపెట్టాను. నా ఇంగ్లీషు అంతంతమాత్రమే. తెలియని చోట దాన్ని అడుగుతూ, మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక రోజుకి పదేసి పేజీలు చదివాను.

ఇలాంటి కథల్ని 'డిస్టోపియా' కథలంటారట. రాబోయే రోజుల్లో లోకం చెడిపోయి, ఏలేవాళ్ళు జనాన్ని గుప్పిట్లో పెట్టుకుని, కూడూ గుడ్డా కూడా లెక్కగట్టి విదిలించే కాలం వస్తే అప్పుడు పిల్లలు ఎలా బతుకుతారన్నదే వీటిల్లో కథ. వాటిలో బాగా పేరొచ్చింది 'ది హంగర్ గేమ్స్'. సుజానే కాలిన్స్ అనే అమెరికా రచయిత్రి రాశారు. 2008లో వచ్చింది. 2012లో సినిమా కూడా తీశారు.

కథేమిటంటే, పానెమ్ అని ఒక దేశం. దానికో రాజధాని, దాని కింద పన్నెండు జిల్లాలు. వెనకెప్పుడో తిరగబడినందుకు శిక్షగా ఒక్కో జిల్లా ఏటా ఒక అబ్బాయినీ ఒక అమ్మాయినీ పంపాలి. పన్నెండు నుంచి పద్ధెనిమిదేళ్ళ లోపు పిల్లల పేర్లు చీటీల మీద రాసి తీస్తారు. అలా వచ్చిన ఇరవై నలుగురినీ ఒక చోట వదిలేస్తే, వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చంపుకోవాలి. చివరికి మిగిలేది ఒక్కరే. అదంతా టీవీలో అందరూ చూసి తీరాలి. పన్నెండో జిల్లాలో ప్రిమ్ అనే పన్నెండేళ్ళ పిల్ల పేరు వస్తుంది. వాళ్ళక్క కాట్నిస్‌కి పదహారేళ్ళు. చెల్లెల్ని వెనక్కి లాగి, దాని బదులు నేను వెళ్తానంటుంది. అప్పుడు ఆ ఊరివాళ్ళు చప్పట్లు కొట్టరు. మూడు వేళ్ళు పెదవులకి తాకించి, మౌనంగా పైకెత్తుతారు. 2014లో థాయిలాండ్‌లో సైన్యం అధికారం చేజిక్కించుకున్నప్పుడు, అక్కడి కుర్రకారు ఈ మూడు వేళ్ళ గుర్తునే వీధుల్లో ఎత్తి చూపారు. 2021లో మయన్మార్‌లోనూ అంతే. కథలో అక్క చేసిన పనికి ఊరు పెట్టిన దణ్ణం అంత దూరం పోయిందన్నమాట.

ఈ నవల గురించి ఎవరు మాట్లాడినా అక్క ముందుకొచ్చిన ఆ ఘట్టమే చెప్తారు. నా మనసు మాత్రం దానికి ముందున్న ఒక చిన్న లెక్క దగ్గర ఆగిపోయింది. ఆ దేశంలో తిండికి లేని ఇళ్ళవాళ్ళకి ఒక వెసులుబాటుంది. పిల్ల పేరు మరో చీటీ మీద అదనంగా రాయించుకుంటే, ఇంట్లో ఒక మనిషికి ఏడాదికి సరిపడా అంటూ కాస్త ధాన్యం, కాస్త నూనె ఇస్తారు. అచ్చం రేషను కార్డే, కాకపోతే తాకట్టు పెట్టేది ప్రాణం. గని ప్రమాదంలో తండ్రి పోయాక కాట్నిస్ తల్లికీ, చెల్లెలికీ, తనకీ కలిపి ఏటా మూడు చీటీలు అదనంగా రాయించుకుంటూ వచ్చింది. మామూలుగా ఏడాదికి ఒకటి, దానిపైన మూడు. పన్నెండో ఏట మొదలుపెడితే పదహారో ఏటికి ఇరవై చీటీలయ్యాయి. చెల్లెల్ని మాత్రం ఒక్క చీటీ కూడా అదనంగా వెయ్యనివ్వలేదు.

చూశారా? టీవీలో అందరూ చూసిన త్యాగం ఒక్కటే. దానికి ముందు ధాన్యం కోసం, నూనె కోసం ఏటేటా చేసినది ఎవరి కంటా పడలేదు. నూనె డబ్బా అడుగంటితే ఇంట్లో ఆ సంగతి ముందుగా ఎవరికి తెలుస్తుందో మనకి వేరే చెప్పాలా!

ఇది మనకి కొత్త కథేం కాదు. బందరు కాలువ గట్టున మా అమ్మమ్మగారి ఊళ్ళో, వేసవి రాత్రుళ్ళు నులక మంచాల మీద పడుకుని విన్న బకాసురుడి కథే ఇది. భారతం ఆదిపర్వంలో ఉంది. ఏకచక్రపురంలో ఇంటికో వంతు. బండెడు అన్నం, రెండు దున్నపోతులు, వాటితో పాటు ఒక మనిషి. పాండవులు తలదాచుకున్న బ్రాహ్మడి ఇంటికి ఆ వంతు వస్తుంది. నేను వెళ్తానంటే నేను వెళ్తానని మొగుడూ పెళ్ళాలిద్దరూ ఏడుస్తారు. కాదు నన్ను పంపండని కూతురంటుంది. ఇంకా మాటలే సరిగ్గా రాని పిల్లాడు ఒక గడ్డిపరక పుచ్చుకుని, దీంతో రాక్షసుణ్ణి చంపేస్తానంటాడు. అమ్మమ్మ ఇక్కడికొచ్చేసరికి పైటచెంగుతో కళ్ళొత్తుకునేది. మేమేమో భీముడు ఆ బండెడు అన్నమూ తనే లాగించేసే ఘట్టం ఎప్పుడొస్తుందా అని చూసేవాళ్ళం.

గ్రీకుల పురాణంలోనూ ఇలాంటిదే ఉంది. ఏథెన్స్ నుంచి ఏడుగురు అబ్బాయిలు, ఏడుగురు అమ్మాయిలు క్రీటు దీవికి వెళ్ళి ఎద్దు తల రాక్షసుడికి ఆహారమవ్వాలి. తన నవలకి ఆ కథే ప్రేరణని కాలిన్స్ చెప్పారు. దేశం ఏదైతేనేం, పక్కవాళ్ళ పిల్లల్ని మేపుకు తినే రాక్షసులు అన్ని చోట్లా ఉన్నారు. అడ్డుపడి నేను వెళ్తాననే అక్కలూ, అమ్మలూ కూడా అన్ని చోట్లా ఉన్నారు.

మరి ఇంత ప్రేమ ఉన్న ఇంట్లో ఏం లోపించింది? ఆ బ్రాహ్మడు ఏలే రాజు చేతకానివాడని వాపోతాడే గానీ, బండి ఆగే దారి మాత్రం ఆలోచించలేకపోయాడు. ఇంటిల్లిపాదీ ఎవరు ఎక్కాలన్న దాని మీదే వాదించుకున్నారు. ఆ పని చేసింది కుంతి. ఏడుపు విని లోపలికెళ్ళింది. సంగతంతా విని, నాకు అయిదుగురు కొడుకులున్నారు, ఒకణ్ణి పంపుతానంది. ధర్మరాజు కోప్పడితే, వాడి బలం తెలిసే పంపుతున్నానని నచ్చజెప్పింది. చచ్చేవాణ్ణి కాదు, చంపగలవాణ్ణి చూసి పంపింది మహాతల్లి. ఆ రోజుతో ఊళ్ళో వంతుల బండి ఆగిపోయింది.

కాట్నిస్ కథ అలా కాలేదు. ఇంకా చదవనివాళ్ళు మన్నించాలి, ముగింపు చెప్పేస్తున్నాను. ఎవరి కోసమైతే ఆ పిల్ల చావుకి సిద్ధపడిందో ఆ ప్రిమ్, 2010లో వచ్చిన మూడో భాగం 'మాకింగ్‌జే'లో, గాయపడిన పిల్లలకి మందులు వెయ్యడానికి వెళ్ళి బాంబులకి పోతుంది. పద్నాలుగేళ్ళు కూడా నిండవు. ఆ పేజీ చదివిన రోజు నేను రాత్రి అన్నం సరిగ్గా తినలేకపోయాను. అక్క ఒక్కసారి చెల్లెల్ని బండెక్కకుండా ఆపగలిగింది గానీ, పిల్లల్ని మింగే ఆ ఏర్పాటు అలాగే ఉండిపోయింది. అది ఇంకో రూపంలో వచ్చి పట్టుకుపోయింది.

మా అమ్మాయి దగ్గర ఇంకో నవలల వరస ఉంది. 'డైవర్జెంట్' అని, వెరోనికా రాత్ అనే ఆవిడ 2011 నుంచి రాసినవి. చికాగో నగరంలో జనమంతా అయిదు వర్గాలుగా విడిపోయి ఉంటారు. అందులో ఒకటి త్యాగం చేసేవాళ్ళ వర్గం. వాళ్ళు బూడిదరంగు బట్టలే కట్టాలి, సాదా తిండే తినాలి, ఎప్పుడూ ఎదుటివాళ్ళ గురించే ఆలోచించాలి. అద్దంలో చూసుకోవడం కూడా మూడు నెలలకోసారి, జుట్టు కత్తిరించుకునే రోజున మాత్రమే. చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. పొద్దున్నే లేచి, క్యారేజీలు కట్టి, అద్దం మొహం చూడకుండానే పదకొండింటి దాకా గడిపేసే మనందరికీ అందులో సభ్యత్వం ఉన్నట్టే!

అందులో ట్రిస్ అనే పిల్ల, అలా ఉండటం తన వల్ల కాదని ఆ వర్గం వదిలి వెళ్ళిపోతుంది. కానీ 2013లో వచ్చిన ఆఖరి భాగంలో అన్న బదులు తనే చావుకి ఎదురెళ్తుంది. ఆ అన్న అంతకు ముందు తనకి ద్రోహం చేసినవాడు. అతను చేసిన తప్పు కడుక్కోవడానికి చచ్చిపోతానని ఒప్పుకుంటే, ఆ పిల్లకి మనసొప్పదు. సిగ్గుతో, భారంతో ఇచ్చే ప్రాణం తీసుకోకూడదని, ప్రేమతో తానే వెళ్తుంది. ఈ ముక్క నాకు బాగా పట్టింది. ప్రేమతో చేసేదీ, చెయ్యకపోతే నలుగురూ ఏమనుకుంటారో అని చేసేదీ పైకి ఒకేలా కనిపిస్తాయి. తేడా చేసేవాళ్ళకే తెలుస్తుంది.

ఇక చెయ్యాల్సిన బాధ్యత అని ముందే రాసిపెట్టేస్తే, దానికి లెక్కే ఉండదు. 1947లో మన తెనాలి చక్రపాణిగారూ, నాగిరెడ్డిగారూ కలిసి మొదలుపెట్టిన 'చందమామ'లో భేతాళ కథలు చదివి పెరిగినవాళ్ళం మనం. పాత భేతాళ కథల్లో వీరవరుడి కథ ఒకటుంది. రాజు ప్రాణం నిలవాలంటే కొడుకుని బలివ్వాలని వీరవరుడికి తెలుస్తుంది. కొడుకు సరేనని తల ఇస్తాడు. అది చూసి కూతురు గుండె పగిలి చచ్చిపోతుంది. భార్య నిప్పుల్లో దూకుతుంది. తర్వాత వీరవరుడూ పోతాడు. చాటు నుంచి చూస్తున్న రాజు తానూ చావబోతే, అమ్మవారు ప్రత్యక్షమై అందర్నీ బతికిస్తుంది. వీళ్ళందరిలో ఎవరు గొప్ప అని భేతాళుడి ప్రశ్న. రాజే గొప్ప అంటాడు విక్రమార్కుడు. ఎందుకయ్యా అంటే, ప్రభువు కోసం సేవకుడు చావడం ధర్మం, భర్త వెంట భార్య పోవడం ధర్మం, తండ్రి మాట కొడుకు వినడం ధర్మం, సేవకుడి కోసం రాజు చావబోవడం మాత్రమే ఎక్కడా లేని వింత అట!

చిన్నప్పుడు ఆ తీర్పు బాగానే ఉందనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ ఇల్లాలి చావు అసలు లెక్కలోకే రాలేదు కదా అనిపిస్తోంది. మావారు ఎప్పుడో ఒక ఆదివారం కాఫీ కలిపిస్తే అది వారం రోజులు చెప్పుకునే విశేషం. మనం కలిపే కాఫీలకి ఏనాడైనా లెక్కుందా? విక్రమార్కుడి తీర్పు ఇంకా మన ఇళ్ళల్లో అమల్లోనే ఉంది మరి!

కాఫీ దాకా అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. మా పిన్ని విషయంలో నవ్వు రాదు. గుడివాడ వైపు పల్లెటూళ్ళో కాపురం. ఆవిడ చేతి ఉలవచారు కోసం బంధువులు పని కల్పించుకుని మరీ వచ్చేవాళ్ళు. కూతురి పెళ్ళి కుదిరిన రోజుల్లో రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలిందట. నొప్పేం లేదు. పెళ్ళిముందు ఆసుపత్రి అంటే మగపెళ్ళివాళ్ళు ఏమనుకుంటారో, డబ్బు ఎక్కణ్ణించి తేవాలో, పిల్ల ముహూర్తం చెడుతుందేమో అని ఎవరికీ చెప్పలేదు. పెళ్ళి, పదహారు రోజుల పండగ, తర్వాత శ్రావణమాసం నోములు, ఆపైన అల్లుడి మొదటి సంక్రాంతి. అన్నీ అయ్యాక చెప్పింది. అప్పటికి ఆలస్యమైపోయిందన్నారు డాక్టర్లు. ఆ తర్వాత రెండేళ్ళు కూడా లేదు.

ఊరంతా ఆవిణ్ణి మహా ఇల్లాలన్నారు. కూతురి పెళ్ళి కోసం ప్రాణం పణం పెట్టిందన్నారు. మా చెల్లెలు మాత్రం దశాహం నాడు నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి, "అక్కా, ఆ పెళ్ళి ఆర్నెల్లు ఆగితే ఏమయ్యేదే? నన్నొక్కమాట అడిగుంటే వద్దననా?" అని బావురుమంది. ఇన్నేళ్ళయినా అది తన పెళ్ళి ఫోటోలు తియ్యదు. పిన్ని తన కూతురికి చేసిన పెళ్ళి, ఆ కూతురి గుండెల మీద అప్పులా కూర్చుండిపోయింది. 'హంగర్ గేమ్స్'లో కూడా, ఆకలితో ఉన్న రోజున రొట్టె విసిరిన కుర్రాడి రుణం తీర్చలేకపోతున్నానని కాట్నిస్ ఏళ్ళ తరబడి నలిగిపోతుంది. ఒక రొట్టెకే అంత బరువుంటే, తల్లి ప్రాణానికి ఎంతుంటుంది?

ఈ మాట నేను మా అమ్మాయితో అంటే, అది పుస్తకం మూసి, "అమ్మా, నాకోసం నువ్వు చచ్చిపోతావా?" అని అడిగింది.

"అదేం ప్రశ్నే? పోతాను."

"అదొద్దులే గానీ, నీ మోకాలు నొప్పి డాక్టరుకి చూపించుకోవడం నా పరీక్షలయ్యే దాకా ఆపొద్దు. రేపే వెళ్దాం."

వెళ్ళాం లెండి. మాత్రలూ, వ్యాయామాలూ రాసిచ్చారు.

మన రాష్ట్రంలోనే అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువు గురించి ఒక కథ చెప్పుకుంటారు. చెరువుకట్ట తెగబోతుంటే, ముసలమ్మ అనే కోడలు బలైతే గానీ ఊరు నిలవదని ఆకాశవాణి పలికిందట. ఆ తల్లి పసిబిడ్డల్ని వదిలి, అందరికీ దణ్ణం పెట్టి, నీళ్ళలోకి నడిచిపోయిందట. కట్టమంచి రామలింగారెడ్డిగారు దాన్ని 'ముసలమ్మ మరణం' అనే కావ్యంగా రాశారు. చదివితే కన్నీళ్ళాగవు. కానీ నాకో సందేహం. ఊళ్ళో అంతమంది ఉండగా, ఆకాశవాణికి ఆ ఇంటి కోడలి పేరే ఎందుకు గుర్తొచ్చిందంటారు?

మన వైపు సంగతి చూడండి. 1833 ప్రాంతంలో గుంటూరు సీమలో వచ్చిన డొక్కల కరువుకి లెక్కలేనంతమంది ఆకలితో పోయారు. ఆ తర్వాత బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట కట్టారు. అది 1855కి పూర్తయింది. దాని బదులు 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. మన డెల్టా పచ్చగా ఉందంటే రాయీ, సున్నం, వేలమంది కూలీల చెమట వల్లే. మొన్న 2024 సెప్టెంబరులో బుడమేరుకి గండ్లు పడి సింగ్ నగర్ ఇళ్ళు మునిగాయి. కింది వాటాలవాళ్ళు పిల్లల్నెత్తుకుని మేడల మీదికి పరిగెత్తారు. ఆ గండ్లు ఎలా పూడాయి? సైన్యం కూడా వచ్చి, ఇనుప వలల బుట్టల్లో రాళ్ళు నింపి పడేస్తే పూడాయి. ఏ ఇంటి కోడలూ దూకక్కర్లేకపోయింది. కట్ట గట్టిగా ఉంటే ముసలమ్మతో పనే ఉండదు. తెగిన కట్ట చూసి అడగాల్సింది ఎవరు దూకుతారని కాదు, ఇంతకాలం దీన్ని ఎవరూ ఎందుకు బాగుచెయ్యలేదని.

ఇంట్లోనూ అంతే. అమ్మ జబ్బు దాచుకుంటే గానీ పెళ్ళి జరగదంటే, ఆ కట్ట ఎక్కడో తెగి ఉందన్నమాట. అమ్మ చిట్టచివర చల్లారిన అన్నం తింటే గానీ ఇల్లు గడవదన్నా అంతే. తెగిన చోట మనం అడ్డంగా పడుకుంటే ఒకరోజు ఆగుతుంది. మర్నాడు మళ్ళీ మన పేరే పిలుస్తారు.

త్యాగాలు మానేద్దామని నేననడం లేదు. పిల్లాడికి జ్వరమొస్తే తెల్లవార్లూ మేలుకుంటాం. అందులో మనకి కష్టం తెలియదు, అడగడానికి లెక్కలూ ఉండవు. అది ప్రేమ. కాకపోతే ఒక వంతు ప్రతిసారీ మనకే వస్తుంటే మాత్రం, ఎక్కే ముందు ఈ బండి ఎందుకొస్తోందని ఒక్కసారి గట్టిగా అడుగుదాం. ఎవరి కోసం చేస్తున్నామో వాళ్ళని కూడా ఒకమాట అడుగుదాం, చాలాసార్లు వాళ్ళు వద్దనే అంటారు. ఇంకోటి, నొప్పి లేదు కదా అని రొమ్ములో గడ్డని అశ్రద్ధ చెయ్యొద్దు. మొదట్లో దానికి నొప్పి ఉండకపోవచ్చు. చేతికి తగిలిన వారంలోనే డాక్టరుకి చూపించుకోండి. పెళ్ళిళ్ళు ఆగుతాయి, ముహూర్తాలు మళ్ళీ వస్తాయి.

ఏకచక్రపురంలో ఆ బ్రాహ్మణి మంచిదే, ప్రేమగలదే. అయినా ఆవిడ నేనే వెళ్తానని ఏడుస్తూ కూర్చున్నంతసేపూ బండి వాకిట్లోనే ఉంది. అది కదలకుండా పోయింది పక్కగదిలోంచి లేచొచ్చి, ఏమిటమ్మా సంగతి అని అడిగిన కుంతి వల్ల. మన ఇళ్ళ పక్కన కూడా అలా ఏడుపు వినిపించే గదులుంటాయి. కాస్త తలుపు తట్టి అడుగుదాం.